పైలట్ శిక్షణ: ముందు వైద్య పరీక్ష, ఆ తరువాతే చెరువు బేరం



ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే కొల్లేటి ప్రాంతపు ఇళ్లలో ఇంజినీరింగ్, వైద్య విద్యల సరసన పైలట్ శిక్షణ మాట కూడా వినిపిస్తోంది. తాడేపల్లిగూడెంలో రెండవ ప్రపంచ యుద్ధకాలపు రన్‌వే చుట్టుపక్కల పెరిగిన పిల్లలకు, గన్నవరంలో దిగే విమానాలను చూసిన పిల్లలకు ఆ కోరిక కలగడం సహజమే. ఆడపిల్లల విషయంలోనూ వెనుకాడనవసరం లేదు; పైలట్లలో మహిళల వాటా మన దేశంలో ప్రపంచ సగటు కంటే ఎక్కువ. నేను చెప్పదలచింది ఒక్కటే: రుసుము చెల్లించడానికి ముందే వైద్య పరీక్ష పూర్తి కావాలి.

వాణిజ్య పైలట్ లైసెన్సుకు కనీసం 200 గంటల విమానయాన అనుభవం కావాలి. తరువాత ఎయిర్‌బస్ ఏ320 వంటి నిర్దిష్ట విమానంపై పొందే టైప్ రేటింగ్‌కు ఖర్చు వేరు. మొత్తం అర కోటి రూపాయలు దాటడం మామూలే. మన వైపు అంత సొమ్మంటే చేపల చెరువు అమ్మడమో, పొలం తాకట్టు పెట్టడమో. ఇంత చేసినా లైసెన్సు వచ్చిన రోజునే ఉద్యోగం వస్తుందన్న హామీ లేదు. ఇక శరీరమే అనర్హమని సగం దారిలో తేలితే ఆ కుటుంబం కోలుకోవడం కష్టం.

పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) నిబంధనల ప్రకారం మొదట క్లాస్-2, ఆపై క్లాస్-1 వైద్య పరీక్ష ఉంటాయి. వాణిజ్య లైసెన్సుకు క్లాస్-1 తప్పనిసరి. చూపు, వినికిడి, గుండె, రక్తపోటు, చక్కెర, మానసిక ఆరోగ్యం అన్నీ పరిశీలిస్తారు. కళ్లద్దాలుంటే పైలట్ కాలేరన్నది అపోహ. అద్దాలతో చూపు నిర్దేశిత ప్రమాణానికి చేరితే చాలు.

అసలు చిక్కు వర్ణాంధత్వంతో. విమానపు ఎడమ రెక్క చివర ఎరుపు దీపం, కుడి రెక్క చివర ఆకుపచ్చ దీపం ఉంటాయి. రన్‌వే పక్కనుండే నాలుగు దీపాలలో ఎన్ని ఎర్రగా, ఎన్ని తెల్లగా కనిపిస్తున్నాయో చూసి పైలట్ దిగే ఎత్తును సరిచూసుకుంటాడు. ఈ రంగులు పోల్చుకోలేని వ్యక్తికి విమానం అప్పగించలేరు.

ఈ లోపం సాధారణంగా తల్లి వైపు నుంచి మగపిల్లలకు సంక్రమిస్తుంది. తాతకు (తల్లి తండ్రికి) పుట్టుకతో ఎరుపు-ఆకుపచ్చ వర్ణాంధత్వం ఉంటే తల్లి ఆ జన్యువును మోస్తుంది. ఆమెకు పుట్టే ప్రతి కుమారునికీ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. మేనమామకు ఉన్నా అనుమానించవలసిందే. పుట్టుకతో వచ్చినది కనుక ఆ బిడ్డకు తన లోపం తెలియకపోవచ్చు. పచ్చిమిరపను, పండుమిరపను వేరే గుర్తులతో పోల్చుకుంటూ పెరిగిపోతాడు. ఇషిహారా చుక్కల పటాల పుస్తకంతో కంటి వైద్యుడు కొద్ది నిమిషాలలో దీనిని పసిగట్టగలడు. దీనికి శాశ్వత చికిత్స లేదు.

మూర్ఛ, ఇన్సులిన్ అవసరమైన మధుమేహం, తీవ్రమైన మానసిక వ్యాధి వంటివి ఉంటే దాచవద్దు. 2015 మార్చిలో జర్మన్‌వింగ్స్ సహపైలట్ తన అనారోగ్యాన్ని సంస్థకు తెలియనీయకుండా విమానాన్ని కొండలకు ఢీకొట్టడంతో, తనతో కలిపి 150 మంది మరణించారు. ఒకరు దాచిన దానికి మూల్యం చెల్లించినది వెనుక కూర్చున్నవారు.

ఉద్యోగం వచ్చిన తరువాత కూడా నిర్ణీత గడువుల్లో వైద్య పరీక్షలు తప్పవు. రాత్రి డ్యూటీలు నిద్రను, జీర్ణక్రియను దెబ్బతీస్తాయి. అందుకే పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు. ఇరవైలలో మొదలయ్యే ఈ క్రమశిక్షణను దశాబ్దాల పాటు పాటించగలరా అని మీ బిడ్డను ఇప్పుడే అడగండి.

కాబట్టి మీరు చేయవలసిన పని వరుసగా ఇది. మొదట ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో కంటి వైద్యుని వద్ద రంగుల పరీక్ష. తరువాత డీజీసీఏ గుర్తించిన వైద్యుని వద్ద క్లాస్-2. ఆపై ఆమోదిత కేంద్రంలో క్లాస్-1. ఆ పత్రం చేతికి వచ్చాకే శిక్షణ సంస్థకు డబ్బు, చెరువుకు బేరం. “రేపటిలోగా అడ్వాన్సు కట్టండి” అని తొందరపెట్టే ఏజెంటు మాట వినకండి. పరీక్షలకయ్యే వేల రూపాయలకు వెనుకాడి, తరతరాల ఆస్తిని పణంగా పెట్టవద్దు.