కంటికి ఉన్న హక్కు

మోండా మార్కెట్‌లో అల్లం, వెల్లుల్లి అమ్ముకునే ఒక సోదరుని కుమారుడు మా మద్రసాలో సాయంకాలం ఖుర్ఆన్ నేర్చుకుంటాడు. 2020 మార్చిలో విద్యాలయాలన్నీ మూతపడేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. ఉదయం బడి పాఠాలు, మధ్యాహ్నం ట్యూషను, ఇషా నమాజు తరువాత నా పాఠం. అన్నీ ఒక్క ఫోనులోనే. ఏడాదిన్నర పాటు ఆ బాలుడు తడబాటు లేకుండా చదివాడు.

2021 సెప్టెంబరు 1న తెలంగాణలో బడులు తెరుచుకున్నాక మేమూ తరగతులు తిరిగి ఆరంభించాము. మొదటి వారంలోనే అతడు నల్లబల్లపై రాసిన పదాలను తప్పుగా చదవసాగాడు. 'తా'ను 'సా' అన్నాడు, 'బా'ను 'యా' అన్నాడు. అరబీ లిపిలో చాలా అక్షరాలకు తేడా చుక్కల్లోనే ఉంటుందనీ, ఒక చుక్క మారితే అర్థమే మారుతుందనీ మీకు తెలిసినదే. ఫోను పాఠాల రోజుల్లో పక్కన కూర్చుని అక్క అందించేదేమో అని అనుమానించాను. అందరి ముందూ మందలించాను. "హజ్రత్, చుక్కలు కనబడటం లేదు" అని ఏడుస్తూ చెప్పాడు. సాకు అనుకున్నాను. మరునాడు పరీక్షించదలచి బల్లకు మూరెడు దూరంలో నిలబెట్టాను. ఒక్క తప్పూ లేకుండా చదివాడు!

మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళమని తండ్రితో చెప్పాను. రెండు కళ్ళకూ హ్రస్వదృష్టి, మైనస్ రెండున్నర. మందలించినది అందరి ముందే గనుక క్షమాపణ కూడా అందరి ముందే కోరాను.

ఆ తరువాత ఈ విషయమై కొంత చదివాను, వైద్యులను అడిగి తెలుసుకున్నాను. దగ్గరి వస్తువును చూస్తున్నంతసేపూ కంటిలోని చిన్న కండరం బిగుసుకునే ఉంటుంది. దూరంగా చూసినప్పుడే దానికి విశ్రాంతి. మామూలుగా మనం నిమిషానికి పదిహేను సార్లకు తక్కువ కాకుండా రెప్ప వేస్తాము. తెర ముందు అది సగానికో అంతకంటే తక్కువకో పడిపోతుంది. కంటి తడి ఆరి మంట, ఎరుపు, దురద కలుగుతాయి. ఇవి నిద్రతో, విశ్రాంతితో తగ్గుతాయి. తగ్గనిది వేరొకటి ఉంది. ఎదిగే వయసులో గంటల తరబడి దగ్గరి చూపుకే పరిమితమై, ఆరుబయటి వెలుగు కరువైన పిల్లల్లో కనుగుడ్డు పొడవుగా సాగుతుంది. సాగినది మళ్ళీ కుదించుకోదు. అద్దాలు చూపును సరిచేస్తాయి గాని కనుగుడ్డును వెనక్కు తీసుకురాలేవు.

చైనాలోని గ్వాంగ్జౌ నగరంలో కొన్ని పాఠశాలల పిల్లలను మూడేళ్ళ పాటు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపేలా చేశారు. 2015లో ఫలితాలు వెలువడ్డాయి. ఆ బడుల్లో నూటికి సుమారు 30 మందికి కొత్తగా హ్రస్వదృష్టి వస్తే, మిగతా బడుల్లో సుమారు 40 మందికి వచ్చింది. మందు లేదు, ఖర్చు లేదు, కేవలం ఆకాశం కింద గడిపిన సమయం.

ఇక్కడే నాకు మోండా మార్కెట్ సందులు గుర్తుకు వస్తాయి. ప్రతి ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరాన్ని ఇరవై సెకన్లు చూడమని వైద్యులు చెబుతారు. దుకాణాల పైనున్న ఆ గదుల కిటికీలోంచి చూస్తే ఎదురింటి గోడ ఎంత దూరం? టార్పాలిన్ల మధ్య ఆకాశం ఎంత కనబడుతుంది? పరేడ్ గ్రౌండ్స్ సమీపంలోనే ఉన్నా, పిల్లవాణ్ణి అక్కడికి తీసుకువెళ్ళే తీరిక బేరం వదలలేని తండ్రికి ఎక్కడిది? నేరమంతా తల్లిదండ్రుల మీద మోపే ప్రసంగాలు నాకు నచ్చవు.

హద్దులు లేవని కాదు. ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు రోజుకు రెండు పాఠాలకు మించరాదనీ, ఒక్కొక్కటి 30 నుండి 45 నిమిషాలే ఉండాలనీ 2020 జూలైలోనే కేంద్ర విద్యాశాఖ 'ప్రజ్ఞాతా' మార్గదర్శకాలలో సూచించింది. బడి ఒక లెక్క వేసుకుంది, ట్యూషను ఇంకొక లెక్క వేసుకుంది, నేను మరొక లెక్క వేసుకున్నాను. ముగ్గురి లెక్కా కలిపి చూసినవారు లేరు. కలిపి మోసినవి ఆ రెండు కళ్ళే. టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ళలో ప్రభుత్వ పాఠాలు చూసిన పిల్లలు గదికి అటువైపున్న టీవీని చూశారు. మా వాడు జానెడు దూరంలో ఫోనును చూశాడు.

మెడ సంగతీ చెప్పాలి. తల బరువు దాదాపు ఐదు కిలోలు. ఒళ్ళో ఫోను పెట్టుకుని తలను బాగా వంచితే మెడ ఎముకలపై పడే భారం దానికి ఐదింతలని 2014లో ఒక అమెరికా శస్త్రవైద్యుడు లెక్కగట్టాడు. రిహాల్‌పై ముస్హఫ్ ఉంచి చదివించే మన పెద్దల పద్ధతిలోని మేలు నాకు అప్పుడే బోధపడింది. అయితే దాచకుండా ఒప్పుకోవలసినది ఒకటుంది. దగ్గరి చూపు ఫోనుతోనే రాదు. మసక వెలుతురులో గంటల తరబడి గ్రంథంపై వంగిన మా విద్యార్థులలోనూ అద్దాలవారు తక్కువేమీ కాదు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుతో గడుపుతున్నారని తెలిసి దైవప్రవక్త (సఅసం) వారించారు. శరీరానికీ, కళ్ళకూ మనపై హక్కు ఉందని గుర్తుచేశారు. ఈ హదీసును నేను ఎన్నోసార్లు బోధించాను. ఆరాధనలోనే ఆ హక్కును కాపాడమన్నారు, మరి నేను రాత్రి పదింటికి పిల్లవాడి కళ్ళముందు తెర పెట్టి ఖుర్ఆన్ పాఠం చెప్పాను.

నిజానికి ఆ పాఠానికి తెర ఎందుకు? ఖుర్ఆన్ తరతరాలుగా గురువు నోటి నుండి శిష్యుని చెవికి చేరుతూ వచ్చినదే. ఇప్పుడు దూరాన ఉన్న పిల్లలకు వీడియో మాని మామూలు కాల్‌లోనే వినిపిస్తున్నాను, వింటున్నాను. చూసి చదవవలసినప్పుడు ముస్హఫ్ వారి ముందే ఉంటుంది. పాఠాన్ని ఇషా తరువాత నుండి మగ్రిబ్ తరువాతకు జరిపాను. అస్ర్ నుండి మగ్రిబ్ వరకు మద్రసా డాబా మీదికి పంపిస్తున్నాను, పుస్తకం లేకుండా.

ఆ బాలుడికి ఇప్పుడు మైనస్ నాలుగు. వాళ్ళ చెల్లికి ఏడేళ్లు. పోయిన నెల పరీక్ష చేయిస్తే చూపు సరిగానే ఉందట. డాబా మీద పావురాలను లెక్కపెట్టేది ఆ పిల్లే.