దాహం వేసేదాకా ఆగకండి
1987లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ పుట్టిన ఊరు జంషెడ్‌పూర్. ఇక్కడ పిల్లాడికి బంతి దొరికితే మే నెల ఎండ గుర్తుండదు, పాదరసం 40 డిగ్రీలు దాటినా సరే. 'దాహమేస్తే వాడే తాగుతాడులే' అనే కోచ్‌లతోనే నా పేచీ. ఆటలో పడ్డవాడికి దాహం ఆలస్యంగా తెలుస్తుంది. ఇరవై నిమిషాలకోసారి విజిల్ ఊది అందరిచేతా తాగించాల్సిందే. 2014 ప్రపంచ కప్‌లో నెదర్లాండ్స్, మెక్సికో మ్యాచ్‌నే నీళ్ల కోసం ఆపారు, మన గల్లీ మ్యాచ్ ఆపితే పరువేం పోదు. కూల్‌డ్రింకులెందుకు? ఇక్కడి తెలుగిళ్లలో ఉప్పేసిన పలచటి మజ్జిగ, పక్కింట్లో వేయించిన శనగల పిండితో కలిపే సత్తు షర్బత్ ఉండనే ఉన్నాయి. తలనొప్పి, వాంతి, మాట తడబాటు కనిపిస్తే మాత్రం నీడకు చేర్చి, ఒళ్లు తడుపుతూ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అసలు పదింటి నుంచి నాలుగింటి దాకా మైదానానికి తాళమేయమంటాను. పిల్లలు తిట్టుకుంటే తిట్టుకోనీ.