మాఱుపేరిటి వ్రాతలు

పత్రికలకు వ్రాయువారందఱును తమ స్వనామములనే ప్రకటింపవలెనను వాదము మరల బలపడుచున్నది. తన మాటకు తాను కట్టుపడనివానికి మాటాడు హక్కెక్కడిదని కొందఱు పెద్దలు ప్రశ్నించుచున్నారు. ముసుగు వేసికొని రాయి విసరువానిని ధీరుడందుమా యనియు, తల్లిదండ్రులు పెట్టిన పేరును దాచుకొనువానికి సత్యముపై గౌరవముండునా యనియు వారి యాక్షేపణ. మాటలు వినుటకు సొంపుగనే యున్నవి. కాని పేరు దాచకుండ సుఖముగ వ్రాయగలవారెవరో ఒక్కసారి లెక్కించి చూచినచో, కొలువు పోవునను భయము లేనివారు, భూవసతి కలవారు, ఇంటిలో నెదురు చెప్పువారు లేనివారు మాత్రమే మిగులుదురు. కచేరిలో లంచమెట్లు చేతులు మాఱునో కచేరి గుమాస్తాకు తెలిసినట్లు మనకు తెలియదు. పాఠశాలలోని లోపము ఉపాధ్యాయునకును, ఆస్పత్రిలోని లోపము నర్సునకును, అత్తవారింటి కష్టము కోడలికిని తెలిసినంతగ ఏ సంపాదకునకును తెలియదు. తెలిసినవారు పేరు చెప్పి వ్రాయలేరు. పేరు చెప్పి వ్రాయగలవారికి తెలియదు. ఈ చిక్కును విడదీయుటకు పూర్వులు కనిపెట్టిన యుపాయమే మాఱుపేరు.

ఇందు మన దేశమునకు ప్రత్యేకమైన కారణము మఱియొకటి కలదు. మనలో పేరు వినగనే కులము తెలియును. వ్యాసము క్రింద శాస్త్రి యనియో, రెడ్డి యనియో, చౌదరి యనియో కనబడినతోడనే, చదువరులలో సగముమంది మొదటి వాక్యము చదువకమునుపే తీర్పు చెప్పి లేచిపోవుదురు. అట్టి తోక లేని పేరు కనబడినను ఊహలు మానరు. వ్రాతను వ్రాతగనే తూచుట కలవాటుపడవలెనన్నచో, కొంతకాలమైనను పేరును ప్రక్కకు నెట్టుట మంచిదే.

అయితే ఆక్షేపకుల ప్రశ్నలో న్యాయమొకటి కలదు. అచ్చుపడిన ప్రతి మాటకును జవాబుదారి యొకడుండవలెను. ఆ జవాబుదారి వ్రాసినవాడే కానక్కఱలేదు, వ్రాతకు చోటిచ్చినవాడు కావచ్చునని మా యభిప్రాయము. ఇది మేము క్రొత్తగ చెప్పుచున్నది కాదు. మన ముద్రణశాసనమే యీ మార్గమున నడచినది. 1867వ సంవత్సరపు చట్టము ప్రతి గ్రంథముమీదను, ప్రతి పత్రికమీదను ముద్రాపకుని పేరును ముద్రణస్థలమును వేయవలెనని విధించెను. 1922లో పత్రికలకు సంపాదకుని పేరును గూడ చేర్చిరి. నూటయేబదియేండ్లకు పైగ నమలులో నుండి, ఆ చట్టము 2024 మార్చి 1వ తేదీన క్రొత్త చట్టమునకు చోటిచ్చినది. అంతటి దీర్ఘకాలములో నది వ్యాసకర్త పేరును కోరలేదు. పరప్రభువులు సైతము ముద్రాలయము నెవరు నడుపుచున్నారని యడిగిరి. కలమెవరిదని ఆ చట్టముచే నడుగలేదు.

ముద్రాపకుడు బాధ్యత వహింప, రచయిత మఱుగున నుండుట యెట్లు సాగునో చూడగోరువారు లండను నగరమునందు జూనియస్ అను పేరుతో 1769 మొదలు 1772 వఱకు వెలువడిన లేఖల చరిత్రను చదువవలెను. వాటిని ప్రకటించినది పబ్లిక్ అడ్వర్టైజర్ పత్రిక. ముద్రాపకుడు హెన్రీ శాంప్సన్ వుడ్‌ఫాల్. ప్రధానమంత్రియైన గ్రాఫ్టన్ ప్రభువును ఆ లేఖలు దుమ్మెత్తి పోసినవి. 1769 డిసెంబరు 19వ తేదీన వెలువడిన లేఖ సాక్షాత్తు మూడవ జార్జి రాజునే సంబోధించెను. ప్రభుత్వము మండిపడి వుడ్‌ఫాల్‌పై నభియోగము తెచ్చెను. 1770 జూనులో జ్యూరీవారు విచారించి, ముద్రించి ప్రకటించుట మాత్రమే యతడు చేసిన దోషమని విచిత్రమైన తీర్పు చెప్పిరి. ఆ తీర్పు నిలువక పునర్విచారణకు ఉత్తరువైనను, వుడ్‌ఫాల్‌కు శిక్ష పడలేదు.

మా కిచ్చట ముఖ్యమైనది తీర్పు కాదు. వుడ్‌ఫాల్‌కు జూనియస్ ఎవరో తెలియదు. ఉత్తరమును ఏ కాఫీహోటలులో, ఏ కల్పితనామముతో విడిచిపెట్టవలెనో జూనియస్ ముందుగ వ్రాసి తెలుపును. వ్రాత చేరినదని వుడ్‌ఫాల్ పత్రికలో నొక మూల సంకేతము వేయును. స్వంత జాబులపై ఒకే యక్షరము చేవ్రాలుగ నుండును. ఆ యక్షరమును, ఆ దస్తూరిని బట్టి వ్రాసినవాడు నిన్నటివాడేయని ముద్రాపకుడు పోల్చుకొనుచుండెను. ఇంతకు మించి యతడు తెలిసికొనగోరలేదు. బెదిరించినను, లంచమిచ్చినను, కొఱడాతో కొట్టినను చెప్పుట కతనియొద్ద నేమియు లేదు. రహస్యమును కాపాడుమార్గములలో నింతకంటె బలమైనది లేదు. మంచివాడు కనుక చెప్పలేదనుట యొకటి, చెప్పవలెనన్నను తెలియదనుట యొకటి. మొదటిది వాని శీలముపై నాధారపడును. రెండవది యేర్పాటుపై నాధారపడును.

జూనియస్ ఫిలిప్ ఫ్రాన్సిస్ అని పండితులు పెక్కుమంది నమ్ముదురు. ఫ్రాన్సిస్ జీవించియుండగ నొప్పుకొనలేదు. ఇతడే 1774లో కలకత్తా కౌన్సిలు సభ్యుడై వచ్చి, 1780 ఆగస్టు 17వ తేదీన వారన్ హేస్టింగ్సుతో పిస్తోళ్లతో ద్వంద్వయుద్ధము చేసి గాయపడినవాడు! ఆ యేడాది జనవరి 29వ తేదీననే, ఆ కలకత్తాలోనే, భారతదేశమున మొదటి ముద్రిత వార్తాపత్రికను జేమ్స్ ఆగస్టస్ హికీ ప్రారంభించెను. అందును మాఱుపేర్ల లేఖలు మెండు. గవర్నరు జనరలును విమర్శించినందుకు హికీ కారాగారమునకు పోయెను. 1782లో నతని అచ్చక్షరములను జప్తుచేసిరి.

హికీ ధైర్యమును మేము కొనియాడుదుము. కాని యతని పత్రిక చదివినవారు తలవంచుకొనవలసిన పుటలును గలవు. అధికారుల యవినీతిని బయటపెట్టిన చేతులతోనే యతడు పట్టణమునందలి స్త్రీలకు వెక్కిరింపు పేర్లు పెట్టి, వారి పెండ్లి మాటలను వీథిలో పెట్టెను. మాఱుపేరునకు శత్రువులు నేటికిని చూపు దృష్టాంత మిట్టిదే. ఆ తప్పు మాఱుపేరుది కాదు, చోటిచ్చినవానిది. ప్రభువుపై వచ్చిన వ్రాతకును, పొరుగింటి పడుచుపై వచ్చిన వ్రాతకును భేదమెఱుగని సంపాదకుడు, రచయితలందఱు స్వనామములతో వ్రాసినను అంతటి కీడే చేయును.

సముద్రము దాటి అమెరికాలోని బోస్టనునకు పోయినచో, బాధ్యతకు చక్కని యుదాహరణ మొకటి దొరకును. 1722లో పదునాఱేండ్ల బెంజమిన్ ఫ్రాంక్లిను తన యన్న జేమ్సుయొక్క ముద్రాలయమున కూలిపని నేర్చుకొనుచు, సైలెన్స్ డూగుడ్ అను విధవరాలి పేరుతో లేఖలు వ్రాసి రాత్రివేళ తలుపు క్రిందినుండి లోపలికి త్రోసెడివాడు. అట్టివి పదునాలుగు అచ్చుపడెను. తమ్ముడని తెలిసియుండినచో అన్న చదువక చింపియుండును. ఆ యేడాదియే వేఱొక వ్రాతకై శాసనసభవారు జేమ్సును ఒక నెల చెఱలో నుంచిరి. వ్రాసినవాని పేరు చెప్పనందుననే కాబోలునని ఫ్రాంక్లిను తరువాత తలపోసెను. ఫ్రాంక్లినునుగూడ పిలిచి యడిగిరిగాని, యజమాని రహస్యమును దాచుట శిష్యుని ధర్మమని విడిచిపుచ్చిరి.

మన దేశమున మాఱుపేరు చెదరిపోయిన కథయు నొకటి చెప్పవలెను. ధనపత్ రాయ్ అను పాఠశాలల తనిఖీ యుద్యోగి నవాబ్ రాయ్ అను పేరుతో 1908లో సోజ్-ఎ-వతన్ అను ఉరుదూ కథలసంపుటిని ప్రకటించెను. హమీర్‌పూర్ కలెక్టరు వ్రాసిన దెవరో కనిపెట్టి, పిలిపించి, రాజద్రోహమని గద్దించి, ప్రతులను తగులబెట్టించి, ఇకముందు వ్రాసినది ముందుగ చూపవలెనని నిర్బంధించెను. అప్పుడు కాన్పూరులో జమానా పత్రికను నడుపుచుండిన దయానారాయణ నిగమ్ క్రొత్త పేరొకటి సూచించెను. 1910లో నా పేరుతో కథలు వెలువడసాగెను. ఆ పేరు ప్రేమ్‌చంద్. నిగమునకు వుడ్‌ఫాల్‌వలె అజ్ఞానము రక్ష కాదు. అతనికి తెలియును, తెలిసియు దాచెను. హిందీ, ఉరుదూ వాఙ్మయములు ఆ నోటికట్టుకు ఋణపడియున్నవి.

మన తెలుగునాటను ఈ సంప్రదాయము తక్కువది కాదు. పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు సాక్షి యను పేరిట జంఘాలశాస్త్రి నోట పలికించిన మాటలను స్వనామముతో పలికియుండినచో, ఎన్నింటికి సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చెడిదో! నిజాము రాజ్యమున గోలకొండ పత్రికను నడపిన సురవరము ప్రతాపరెడ్డిగారు తామే పలు కలముపేర్లతో వ్రాసిరి. బీనాదేవి యను స్త్రీనామము వెనుక నుండినవారు భాగవతుల నరసింగరావు, బాలాత్రిపురసుందరమ్మ దంపతులు. భర్త న్యాయశాఖలో నుద్యోగి. కథలలో కోర్టులలోపలి సంగతులు కుప్పతెప్పలు. ఇప్పటి కేంద్రోద్యోగుల ప్రవర్తనానియమములు, 1964లో చేసినవి, ప్రభుత్వవిధానమును స్వనామముతోనే గాక అనామకముగను, మాఱుపేరుతోను విమర్శించుటను గూడ నిషేధించుచున్నవి. శాసనకర్తలకు కలముపేరుయొక్క శక్తి బాగుగనే తెలియును.

ఇక నేటి స్థితి. అచ్చుయంత్రము లేకయే చేతిఫోనున్న ప్రతివాడును వ్రాయగలుగుచున్నాడు. వ్రాతలకు చోటిచ్చు మహాకంపెనీలు మాఱుపేర్ల నంగీకరించినను, ఫోను నంబరునో మఱియొక యానవాలునో అడిగి పుచ్చుకొనును. మన దేశమున ఫోను నంబరు గుర్తింపుపత్రము చూపక దొరకదు. కావున చదువరికి తెలియని పేరు ఆ నంబరుజాడను దొరకిపోవును. 2021వ సంవత్సరపు నియమములు, ఏబదిలక్షలకు మించి సభ్యులు గల సందేశసంస్థలు, న్యాయస్థానమో అధికారియో ఉత్తరువిచ్చినపుడు మొదట వ్రాసినవానిని చూపవలెనని విధించినవి. మఱియొకప్రక్క, 2000 సంవత్సరపు చట్టములోని 79వ సెక్షను, కొన్ని షరతులపై, ఇతరుల వ్రాతలకు ఆ సంస్థలు బాధ్యులు కారని రక్షణ నిచ్చుచున్నది. పాఠకులు గమనింతురుగాక! వుడ్‌ఫాల్‌కు ఏమియు తెలియదు, బాధ్యత యంతయు నతనిది. ఈ కంపెనీలకు సమస్తమును తెలియును, బాధ్యత మిక్కిలి స్వల్పము. మాఱుపేరు ఇరుగుపొరుగువారి కన్ను కప్పుచున్నదిగాని, ఎవనికి భయపడి పేరు మార్చుకొనిరో వాని కన్ను కప్పుటలేదు.

అంతటి సమాచారము వారికెందుకు? ఉచితమని పిలిచి, వచ్చినవారిని ప్రకటనదారులకు చూపి బ్రదుకువారికి, వచ్చినవాడెవడో తెలిసియుండుట వ్యాపారము. హంగులెక్కువైనకొలది ఖర్చెక్కువ, ఖర్చెక్కువైనకొలది జనుల యానవాళ్లు అవసరము. కావుననే మేము కోరు వ్రాతశాల మిక్కిలి సాదాగ నుండవలెననుచున్నాము. పొదుపుకొఱకు మాత్రమే కాదు. దాచని కాగితమును జప్తుచేయ నెవని తరమును గాదు.

పానుగంటివారు సాక్షికి మాదిరిగ గైకొన్న స్పెక్టేటరును నడపిన అడిసను, 1713లో గార్డియను పత్రికకై లండనులోని బటన్ కాఫీహోటలులో సింహపుతల నొకటి నెలకొల్పెను. వ్రాసినవారు వచ్చి సింహము నోట కాగితము వేసిపోయెడివారు. మన పఠనమందిరములలో సింహ మక్కఱలేదు. తాళమున్న కఱ్ఱపెట్టె చాలును. వ్రాసినవాడు తా నెంచుకొన్న పేరును మొదటి వ్రాతతో పంపి, సగము చింపిన చీటీని జతపఱుపవలెను. మిగిలిన సగము తనయొద్ద నుంచుకొని, వివాదము వచ్చినపుడు చూపవలెను. ఒక కలమునకు ఒకటే పేరు. వారమున కొకటి మార్చువానికి చోటులేదు. ఏలయన నిలుకడగ నొకే పేరుతో వ్రాయువానికి ఆ పేరుమీదనే పరువు పెరుగును, ఆ పరువే వానికి కళ్లెము. వ్రాతలను వారమున కొకసారి బల్లపై నతికించి, వాటికి జవాబులను వాటి ప్రక్కనే యతికింపవలెను. 1787-88లో అమెరికా రాజ్యాంగమునుగుఱించి పబ్లియస్ అను పేరుతో ముగ్గురు వ్రాసిన 85 వ్యాసములకు బ్రూటస్, కేటో మున్నగు పేర్లతో ప్రతిపక్షులును వ్రాసిరి. చదివినవారు మనుష్యులను గాక వాదములను పోల్చి చూచిరి. మన బల్లమీదను అట్టి సంభాషణ పుట్టనిచో, ఆ పెట్టె ఫిర్యాదుల పెట్టెగనే మిగిలిపోవును.

ఎవనిపైనైన నింద వచ్చినచో, పెట్టెను చూచుకొనువాడు వేఱొకచోట విచారించి నిజమని తోచిననే యతికింపవలెను. నిందకు గుఱియైనవాని జవాబునకు అంతే చోటీయవలెను. ఇంటి గుట్టులు, ఆడువారి పేర్లు, అన్యుల రోగములు పెట్టెనుండి నేరుగ పొయ్యిలోనికి పోవలెను. ప్రతి కాగితము క్రిందను ఆ చూచుకొనువాని నిజమైన పేరును, చిరునామాయు నుండవలెను. అతనికి మాఱుపేరు లేదు.

పెట్టె చేయుటకు వడ్రంగి యే యూరనైనను దొరకును. వ్రాయువారును దొరకుదురు, వారు చాలకాలముగ కాచుకొనియున్నారు. అందఱి వ్రాతల క్రిందను తన యొక్కని పేరు వేయుట కొప్పుకొను పెద్దమనిషి ముందుగ దొరకవలెను. అట్టివాడు దొరకిన పఠనమందిరములవారు వచ్చు దసరానుండియే పని మొదలిడవచ్చును.