తలుపు గడియ ఆపరేషన్ కాదు బాబూ!

అమ్మకి తోడుంటాయని మైలవరంలో రెండు పిల్లికూనల్ని వదిలేసి, ఆదివారం రాత్రి బస్సుకి హైదరాబాద్ చెక్కేసే సాఫ్ట్‌వేర్ పుత్రరత్నాలారా! "మగది ముందుగదిలో, ఆడది పడగ్గదిలో ఉంటే చాలు" అంటే నేనొప్పుకోను. అది ఫిక్స్ కాదు, వర్కరౌండ్!

నాలుగైదు నెలలకే ఆడపిల్లి ఎదకొస్తుంది. జతకట్టకపోతే రెండు మూడు వారాలకి మళ్ళీ అవే అరుపులు. అటు మగది గోడలన్నీ ఉచ్చతో కంపు చేస్తుంది. అన్నాచెల్లెళ్ళన్న వావీవరసా వాటికి లేదు. పాలవాడు పిలిచినప్పుడు ఒక్క తలుపు తెరిచి ఉంటే చాలు, రెండు నెలల్లో కూనలు! వాటిని గోనెసంచిలో వేసి ఊరి చివర వదిలే పాపం ఎవరిది?

2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పెంపుడు జంతువుకి ఆపరేషన్ చేయించే బాధ్యత యజమానిదే. వెటర్నరీ కాలేజీ గన్నవరంలోనే ఉంది కదా, కనుక్కోండి. ఒక్కరోజు లీవు పెట్టండి. అమ్మని మాత్రం తలుపుల దగ్గర వాచ్‌మన్‌ని చెయ్యకండి.