తెరమీఁది చావు, తెరవెనుక చావు

కంపెనీ లాభమునకై పెంచిన విషక్రిమి చచ్చినవారిని లేపి, బ్రదికియున్నవారి మీఁదికిఁ దోలుట 2002వ సంవత్సరమున వెలువడిన "రెసిడెంట్ ఈవిల్" చిత్రకథ. లాభాపేక్షను గర్హించిన యా కథయే లాభమునకై సాగి 2016 నాఁటి కాఱు చిత్రములయ్యెను! మొదటి చిత్రమునఁ జచ్చిన రెయిన్ అను పాత్రను 2012 నాఁటి యైదవ చిత్రమున ప్రతిరూపములుగా మరల దింపిరి. చావునకే విలువ లేని కథలో బ్రదుకునకు విలువ యెక్కడిది?

తెరవెనుక చావు మాత్రము నిజము. 2015లో దక్షిణాఫ్రికాయందు ఆఱవ చిత్రము తీయుచుండఁగా పనివాఁడొకఁడు మరణించెను. నాయికకు బదులు సాహసకృత్యములు చేయు యువతి యెడమచేయి కోల్పోయెను. వీరికిఁ బ్రతిరూపములు లేవు.

చదువరులారా! మన టిక్కెట్టు రూకయే తరువాతి భాగమునకు విత్తనము. తెరమీఁది వేయి చావులకుఁ జప్పట్లు కొట్టి, తెరవెనుకటి యొక్క చావును విచారింపని వినోదము మనకేల?