పెరిగే పిల్లకు గౌను

మా కాలేజీ ఆఫీసులో ఒక కంప్యూటరు ఉన్నది. అది అబద్ధమాడదని మా ప్రిన్సిపాలు గారి గట్టి నమ్మకం. నాకూ మొన్నటిదాకా ఆ నమ్మకమే ఉండేది. అబద్ధమాడని వాడు కూడా ఒక్కొక్కప్పుడు అన్యాయం చెయ్యగలడన్న సంగతి మొన్ననే తెలిసివచ్చింది.

జరిగిందేమంటే, డిగ్రీ చివరి ఏడాది చదివే అమ్మాయి ఒకతె తండ్రిని వెంటబెట్టుకుని మా గదికి వచ్చింది. ఆయన దర్జీ పని చేస్తారు. మెడలోని టేపు తీసి పెట్టడం కూడా మరచిపోయి వచ్చారంటే ఎంత కంగారుగా బయలుదేరారో మీరే ఊహించుకోండి. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం కాలేజీ పంపే జాబితాలో ఆ పిల్ల పేరు లేదు. దానికి నూటికి 75 వంతుల హాజరు కావాలి. ఆ సెమిస్టరుకు మా కంప్యూటరు ఆ అమ్మాయికి వేసిన హాజరు సున్న.

"సున్న ఏమిటమ్మా? ఒక్కరోజూ రాలేదా?" అన్నాను.

"ఇంటర్న్‌షిప్పులో ఉన్నాను గదా సార్! కాగితం మీద సంతకం పెట్టి పంపించింది మీరే గదా!" అంది.

నాలిక కరుచుకున్నాను. నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీ చదువు తీరు మార్చారు. చదువు పూర్తయ్యేలోగా విద్యార్థి పది నెలలపాటు ఏదో ఒక పనిచోట శిక్షణ పొందాలన్నారు. అందులో ఒక సెమిస్టరు పూర్తిగా క్లాసుగది బయటనే గడవాలి. ఈ పిల్ల ఒక రైసుమిల్లు ఆఫీసులో లెక్కలు నేర్చుకున్నది. ఒక్క పూట మానలేదు. కాని క్లాసులో కనిపించని మనిషిని కంప్యూటరు రానివాళ్ళ వరసలో వేసింది. అది తనకు తెలిసిన నిజమే చెప్పింది. దానికి తెలిసిన కాలేజీ మాత్రం ఇప్పటి మా కాలేజీ కాదు!

ఆ కంప్యూటరు ఏర్పాటు కొన్న నాడు మాకు ఏడాదికి ఒక పరీక్ష. ఏడాది మొత్తానికి ఒక హాజరు లెక్క. అందుకు తగినట్టే దాన్ని తయారుచేశారు, చక్కగా పనిచేసింది. 2015లో సెమిస్టర్లు వచ్చాయి. తయారుచేసిన వారిని పిలిస్తే ఏడాదిని రెండు ముక్కలు చేసి వెళ్ళిపోయారు. తరువాత ఒక శాఖ విద్యార్థి ఇంకొక శాఖలో కూర్చుని పాఠం వినే పద్ధతి వచ్చింది. దానికి ఎవరినీ పిలవలేదు. తరువాత ఈ ఇంటర్న్‌షిప్పులు వచ్చాయి. అప్పటికి పిలవాలన్న సంగతే మరచిపోయాము.

మరి ఇన్నాళ్ళూ బండి ఎలా నడిచిందంటారా? మా హెడ్ గుమాస్తా గారి సొరుగులో ఎర్ర అట్ట నోటుపుస్తకం ఒకటి ఉన్నది. కంప్యూటరు వచ్చిన తరువాత కూడా ఆయన అందులో రాసుకోవడం మానలేదు. వెనకటి కాలపు మనిషి అని మేమంతా వెనక నవ్వుకునేవాళ్ళం. ఆ రోజు ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆ పుస్తకం తీశారు. ఏ పిల్ల, ఏ చోట, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, అన్నీ ఉన్నాయి. మిల్లువారి ముద్ర ఉన్న కాగితం కూడా అక్కడే మడిచి పెట్టి ఉన్నది. ప్రిన్సిపాలు గారు సంతకం చేశారు. గడువు ముగిసే సాయంత్రం ఆ అమ్మాయి పేరు జాబితాలో చేరింది. ఆ సెమిస్టరులో అలా తప్పిపోయిన పేర్లు మరి పదకొండు ఉన్నవని తేలింది. వాళ్ళెవరూ వచ్చి అడగనే లేదు.

వెళ్ళబోతూ ఆ దర్జీ ఒక మాట అన్నారు. "పెరిగే పిల్లకు గౌను కుట్టేటప్పుడు అంచున నాలుగు వేళ్ళ మడత లోపల వదులుతామండీ మాస్టారూ. పిల్ల పొడుగైతే ఆ కుట్టు విప్పి కిందికి దించుకుంటే సరి. మీ కంప్యూటరుకు మడత వదల్లేదాండీ?"

వెటకారంగా అన్న మాట కాదది. ఆయన నిజంగానే తెలుసుకోగోరి అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను.

అంతకుముందు చదువు తీరు మారినప్పుడు మేము లెక్చరర్లమంతా కూర్చుని వారం రోజులు వాదించుకున్నాం. ఏ పాఠం ఉంచాలి, ఏది తీసెయ్యాలి, ఏ శాఖకు ఎన్ని గంటలు అని. ఈ మార్పు ఆఫీసులో ఏ పుస్తకం మీద ఎలా పడుతుందని ఒక్కరం అడగలేదు. గుమాస్తా గారిని ఆ సమావేశానికి పిలవాలని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. మడత వదిలితే చాలదు, పిల్ల పెరిగిందని కనిపెట్టి కుట్టు విప్పే తల్లి కూడా ఇంట్లో ఉండాలి గదా!

యంత్రాలన్నీ ఇంతేనా అంటే, కాదు. మనమందరం ఎరిగిన రైలు టిక్కెట్టు సంగతే చూడండి. వెనక రిజర్వేషను అంటే ఒక్కొక్క బండికి ఒక్కొక్క రిజిస్టరు. ఆ బండి రిజిస్టరు ఏ కిటికీ దగ్గర ఉంటే ఆ కిటికీ ముందే నిలబడాలి. 1985లో ఢిల్లీలో రైల్వేవారు కంప్యూటరు పెట్టి ఆ బాధ తీర్చారు. ఏ కిటికీలోనైనా ఏ బండికైనా టిక్కెట్టు. కలకత్తా, బొంబాయి, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రాలకు కూడా ఆ పద్ధతి వచ్చింది. అయితే ఏ కేంద్రం కంప్యూటరు ఆ కేంద్రందే. పక్క కేంద్రం బండిలో ఖాళీ ఉన్నదో లేదో దీనికి తెలియదు.

అక్కడితో ఆగి, వరసలు తగ్గాయి గదా, చాలునని అనుకోవచ్చు. వారు అలా అనుకోలేదు. దేశంలో ఎక్కడ నిలబడినా ఎక్కడినుంచి ఎక్కడికైనా టిక్కెట్టు ఇవ్వాలనుకున్నారు. అలా అనుకున్న తరువాత పాత ఏర్పాటు పనికిరాదు. కొత్త ఏర్పాటును 1994లో మన సికింద్రాబాదులోనే మొదట పెట్టారు. 1999 నాటికి అయిదు కేంద్రాలనూ ఒకదానితో ఒకటి కలిపేశారు.

దాని తరువాతి కథ నాకు మరీ ఇష్టం. 2002లో ఇంటర్నెట్టు మీద టిక్కెట్టు అమ్మడం మొదలుపెట్టారు. ఇంట్లో కూర్చుని కొనుక్కోవచ్చు. కాని టిక్కెట్టు మాత్రం కొరియరు మనిషి తెచ్చి ఇవ్వాలి! ఎందుకంటే, ప్రయాణికుడి చేతిలో రైల్వేవారి కాగితం ఉండి తీరాలన్న నియమం అలాగే ఉండిపోయింది. యంత్రం ముందుకు నడిచింది, నియమం ప్లాట్‌ఫారం మీదనే నిలబడిపోయింది. 2005లో నియమాన్ని కూడా మార్చి, ఇంట్లో అచ్చువేసుకున్న కాగితమూ గుర్తింపు కార్డూ చూపితే చాలునన్నారు. అప్పటికి గాని రెండూ కలిసి నడవలేదు.

రైల్వేవారిని పొగడడం నా ఉద్దేశం కాదు. పండుగ రోజుల్లో టిక్కెట్టుకు ప్రయత్నించిన వారెవరూ నా చేత ఆ పని చెయ్యనివ్వరు. యంత్రం బెర్తులను పుట్టించలేదు గదా! నేను చెప్పేదల్లా ఒక్కటే. ఇప్పుడు మనం చెయ్యదలచిన పని ఏమిటని ముందు అడిగి, ఆ తరువాతనే యంత్రం జోలికి పోయారు. పైగా ఈ పనులు చూడడానికి 1986లోనే క్రిస్ అనే సొంత సంస్థను పెట్టుకున్నారు. అందులో కంప్యూటరు తెలిసినవారూ ఉన్నారు, రైలు తెలిసినవారూ ఉన్నారు. ఇద్దరినీ ఒక కప్పు కింద కూర్చోబెట్టడం చిన్న సంగతి కాదు.

హైదరాబాదులో కంప్యూటరు కంపెనీలో పనిచేసే నా శిష్యుడొకడు ఫోను చేస్తే ఇదంతా చెప్పాను.

"మాస్టారూ, మీరు చెప్పేది మా వాళ్ళకు పెద్ద శాస్త్రం. దీన్ని అలైన్‌మెంట్ అంటారు. హెండర్సన్, వెంకట్రామన్ అని ఇద్దరు ప్రొఫెసర్లు 1993లోనే అమెరికాలో దీని మీద వ్యాసం రాశారు" అన్నాడు.

"ఏమన్నారు నాయనా వాళ్ళు?"

"సంస్థ దారి, యంత్రాల దారి, లోపల పని జరిగే తీరు, యంత్రాలు నడిచే తీరు, ఈ నాలుగూ ఒకదానికొకటి పొసగాలి మాస్టారూ. అదీ ఒకసారి పొసగించి వదిలేసేది కాదు, నిత్యం చూసుకోవలసిందే అన్నారు. దీనికి మీరు మంచి తెలుగు మాట చెప్పాలి."

"శ్రుతి కలపడం అనరాదూ? కచేరీ మొదట్లో ఎంత బాగా కలిపినా తీగ సడలుతూనే ఉంటుంది. పాటకుడు మధ్యమధ్య చెవి పెట్టి చూసుకోవలసిందే" అన్నాను.

వాడు నవ్వి, "మా దగ్గరా తీగలు సడలుతూనే ఉంటాయి మాస్టారూ. చెవి పెట్టేవాళ్ళే తక్కువ" అన్నాడు.

ఇంతలో మా ప్రిన్సిపాలు గారు కొత్త ఏర్పాటు కొనడానికి ఒక కమిటీ వేశారు. నన్నూ అందులో వేశారు. హెడ్ గుమాస్తా గారిని కూడా వెయ్యమని మనవి చేశాను. "రెండు నెలల్లో రిటైరయ్యే మనిషి గదయ్యా!" అన్నారాయన. "అందుకేనండీ" అన్నాను. సరేనన్నారు.

అమ్మవచ్చిన కుర్రవాడు చురుకైనవాడు. తెర మీద రంగురంగుల బొమ్మలు చూపించాడు. గుమ్మంలో చిన్న కెమెరా పెడితే చాలునట. పిల్లల ముఖాలు గుర్తుపట్టి దానంతటదే హాజరు వేసుకుంటుందట. మా వాళ్ళంతా ముగ్ధులయ్యారు. ధర ఎంత అన్న దాకా వచ్చారు. అప్పుడు గుమాస్తా గారు నోటుపుస్తకం తెరిచి మెల్లగా అడిగారు.

"పిల్ల ఆరు నెలలు మిల్లులో ఉంటే దీనికి ముఖం ఎక్కడ కనబడుతుంది బాబూ?"

కుర్రవాడు తడబడ్డాడు.

"రేపు చదువు తీరు మళ్ళీ మారుతుంది. అప్పుడు మార్చుకునే వీలు మా చేతిలో ఉంటుందా, ప్రతిసారీ మిమ్మల్నే పిలవాలా? తప్పు పడితే దిద్దవలసిన మనిషి ఎవరు? ఎన్నాళ్ళలో దిద్దుతారు?"

హెడ్డాఫీసును కనుక్కుని చెబుతానన్నాడు కుర్రవాడు. జవాబులు కాగితం మీద వచ్చిన తరువాతనే ధర సంగతి మాట్లాడదామన్నారు ప్రిన్సిపాలు గారు. ఆయన నోట ఆ మాట వస్తుందని నేననుకోలేదు. రాబోయే మూడేళ్ళలో కాలేజీలో ఏమేమి మార్చదలచుకున్నామో ఒక కాగితం మీద రాసిపెట్టమని మాకూ పని పురమాయించారు. ఇన్నేళ్ళలో మేము ఎన్నడూ చెయ్యని పని అది. మూడు రోజులుగా రాస్తున్నాము, ఇంకా మొదటి పేజీ దాటలేదు.

గుమాస్తా గారు ఇప్పుడు రోజూ సాయంత్రం ఒక గంట కొత్తగా చేరిన టైపిస్టు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పుస్తకం చూపిస్తున్నారు. నేనూ ఒకసారి అడిగి తీసుకుని తిరగేశాను. ఎన్నాళ్ళు నవ్వామో గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

"ఇందులో గొప్పేమీ లేదు మాస్టారూ. ఏదైనా మారిందని తెలిస్తే, ఏం మారిందని వెళ్ళి అడిగి రాసుకున్నాను. అంతే" అన్నారాయన.