అంగ చిన్నదైతే పరుగు తేలిక

తెల్లవారుజామున నిమ్మాడ మీదుగా హైవేపై ప్రయాణించేవాళ్లకు రోడ్డు అంచున పరుగెత్తే కుర్రాళ్లు కొత్త కాదు. సిక్కోలు జిల్లాలో సైన్యంలో చేరాలనే కోరిక ఇంటింటిదీ. అగ్నివీర్ జనరల్ డ్యూటీ పరీక్షలో 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తేనే పరుగుకు పూర్తి 60 మార్కులు వస్తాయి. ఆ సెకన్ల కోసం పిల్లలు రోజూ దూరం పెంచుతారు. ఎలా పరుగెత్తాలో మాత్రం చెప్పేవారుండరు.

‘పరుగు కూడా నేర్పాలా?’ అంటారు పెద్దలు. నిజమే, చిన్నప్పుడు అక్కర్లేదు. వాకిట్లో మూడేళ్ల గుంటడు పరుగెత్తడం చూడండి: పొట్టి అడుగులు, నిటారు వెన్ను, పాదం సరిగ్గా ఒంటి కిందే పడుతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి బెంచీల మీద కూర్చుని, మందపాటి మడమల బూట్లు తొడిగి, మనమే దాన్ని మరచిపోతాం. పందెం అనగానే కాలు బారుగా ముందుకు చాచి మడమతో నేలను గుద్దుతాం. అలా గుద్దిన ప్రతిసారీ ముందుకెళ్లే ఒంటికి చిన్న బ్రేకు పడుతుంది. ఆ దెబ్బ మోకాలూ, దాని కింద ముందువైపు ఎముకా భరించాలి.

విరుగుడు సులువు. అంగ తగ్గించి అడుగుల సంఖ్య పెంచాలి. 2011లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే పరీక్షించారు. వేగం మార్చకుండా అడుగులను 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలిపై, తుంటిపై పడే భారం తగ్గింది. లెక్క ఇంట్లోనే చూసుకోవచ్చు. అర నిమిషంలో కుడికాలు ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 38 సార్లయితే నిమిషానికి 152 అడుగులు. దాన్ని 40కి తెస్తే 160. కొన్ని వారాలకు అంతే చాలు. అందరికీ 180 కావాలని పట్టుబట్టే కోచ్‌ల మాట పట్టించుకోనక్కర్లేదు. అది మేటి పరుగు వీరులను చూసి వేసిన అంచనా. ఎత్తు, వేగాన్ని బట్టి మారుతుంది.

మిగతాది కొద్దిగానే. చూపు నేల మీద కాదు, ముందుకు. భుజాలు వదులు. నడుం దగ్గర వంగకుండా, చీలమండల నుంచి ఒళ్లంతా కొంచెం ముందుకు వాలాలి.

బూట్లు విప్పేస్తే? 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను అబెబె బికిలా వట్టి కాళ్లతోనే గెలిచాడు. నాలుగేళ్లకు టోక్యోలో బూట్లు వేసుకుని మళ్లీ గెలిచాడు! వట్టి కాళ్లకు అలవాటుపడినవాళ్లు ఎక్కువగా పాదం ముందుభాగంపై దిగుతారని హార్వర్డ్ శాస్త్రవేత్త డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో చూపింది. కానీ అప్పుడు భారం మాయమైపోదు. మోకాలి నుంచి పిక్కకూ, మడమ వెనకున్న నరానికీ మారుతుంది. అందుకే ఒక్కసారిగా మారొద్దు. శుభ్రమైన గడ్డి మైదానంలో అయిదు నిమిషాలతో మొదలుపెట్టండి. బహిర్భూమికి వాడే చోట్ల వట్టి కాళ్లు వద్దు, కొంకిపురుగులు పాదాల్లోంచే ఒంట్లోకి వస్తాయి. సముద్రతీరంలో మెత్తని ఇసుక పిక్కలను పిండేస్తుంది. తడి ఇసుక గట్టిగానే ఉంటుంది కానీ ఏటవాలు. వెళ్లిన దారినే తిరిగొస్తే రెండు కాళ్లకూ సమానంగా పడుతుంది.

అసలు భయం నొప్పి బిళ్లతో. కాళ్లు సలుపుతుంటే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొని మింగి పొద్దున్నే మళ్లీ రోడ్డెక్కేవారున్నారు. ఈ మందులు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. చెమటతో నీరు కోల్పోయిన ఒంట్లో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ఎక్కడైనా తప్పే. పక్కనే ఉద్దానం ఉండగా, కిడ్నీ జబ్బు కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి కట్టుకోవాల్సి వచ్చిన జిల్లాలో మరీ తప్పు. ఉద్దానంలో ఆ జబ్బుకు కారణమేమిటో ఇంకా కచ్చితంగా తేలలేదు. ఈ బిళ్లల సంగతి మాత్రం స్పష్టంగా తెలుసు. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ సమస్య ఉంటే, డాక్టర్ని అడగకుండా పిల్లాడికి ఒక్క బిళ్ల కూడా ఇవ్వొద్దు.

ఎముకపై ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి పుడుతోందా? నడిచినా తగ్గడం లేదా? అది ఎముకలో సన్నని చీలిక కావచ్చు. ర్యాలీ పది రోజుల్లో ఉన్నా సరే, ఆ రోజు పరుగు ఆపించి ఎముకల డాక్టరుకు చూపించండి.